ఆప్-ఆంప్ ఔట్‌పుట్ ఎంతవరకు వెళ్లగలదు: శాచురేషన్‌ను గుర్తించి సరిచేసే సమగ్ర మార్గదర్శి

తిరుపతిలో మే నెల ఎండ ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కరలేదు. అటువంటి ఒక మధ్యాహ్నం ఒక డిప్లొమా విద్యార్థి తాను కట్టిన డిజిటల్ థర్మామీటరును నా దగ్గరికి తెచ్చాడు. ఉదయం ఆరింటికి 28, ఎనిమిదింటికి 32 అని చక్కగా చూపించిన ఆ పరికరం, పది దాటేసరికి 35.6 దగ్గర నిలిచిపోయి, సాయంత్రం నీడ పడేదాకా కదలడం లేదు. అతడు సెన్సరు మార్చాడు, ఆర్డుయినో మార్చాడు, ప్రోగ్రామును మూడుసార్లు తిరగరాశాడు. ఇవేవీ చెడిపోలేదు. సర్క్యూట్ మధ్యలో ఉన్న ఎల్‌ఎం358 ఆప్-ఆంప్, అంటే సెన్సరు ఇచ్చే చిన్న వోల్టేజీని పెంచే చిప్పు, తన ఔట్‌పుట్ హద్దును తాకి ఆగిపోయింది.

లెక్క చూడండి. ఎల్‌ఎం35 సెన్సరు ఒక్కో సెల్సియస్ డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది. దాన్ని పది రెట్లు పెంచితే డిగ్రీకి 100 మిల్లీవోల్టులు, అంటే 42 డిగ్రీలకు 4.2 వోల్టులు రావాలి. 5 వోల్టుల సప్లయి మీద ఎల్‌ఎం358 ఔట్‌పుట్ సుమారు 3.5 వోల్టుల దగ్గరే ఆగిపోతుంది కనుక, ఆ థర్మామీటరు దృష్టిలో లోకంలో 35 డిగ్రీలను మించిన వేడి లేదు. చల్లని గదిలో కూర్చుని పరీక్షించినంతకాలం ఈ దోషం బయటపడదు. అందుకే ఇది ప్రాజెక్టు ప్రదర్శన రోజునో, పొలంలో బిగించిన తరువాతనో మొదటిసారి కనిపిస్తుంది.

ఈ హద్దు ఎక్కడ ఉందో ముందుగా ఎలా తెలుసుకోవాలి, సర్క్యూట్ దాన్ని తాకినప్పుడు ఎలా గుర్తించాలి, ఎలా సరిచేయాలి అన్నది ఇక్కడ అడుగడుగునా వివరిస్తాను. ఒక మల్టీమీటరు, బ్రెడ్‌బోర్డు, ఒక ఎల్‌ఎం358, 10 కిలో ఓంల పొటెన్షియోమీటరు ఒకటి, కొన్ని రెసిస్టర్లు, 5 వోల్టుల అడాప్టరు ఉంటే చాలు. ఆసిలోస్కోపు ఉంటే మంచిదే గానీ తొలి నాలుగు అడుగులకు దాని అవసరం లేదు.

మొదటి అడుగు: రెండు ఇన్‌పుట్ పిన్నుల మధ్య కొలవడం

ఔట్‌పుట్ అంకె అనుమానంగా ఉంటే చాలామంది మీటరును ఔట్‌పుట్ పిన్ను మీదే పెట్టి ఆలోచిస్తూ ఉండిపోతారు. నిజం చెప్పేవి ఇన్‌పుట్ పిన్నులు. ఫీడ్‌బ్యాక్, అంటే ఔట్‌పుట్‌లో కొంత భాగాన్ని మైనస్ ఇన్‌పుట్‌కు తిరిగి పంపే ఏర్పాటు, సక్రమంగా పనిచేస్తున్నంతసేపూ ఆప్-ఆంప్ తన ప్లస్ ఇన్‌పుట్‌ను, మైనస్ ఇన్‌పుట్‌ను దాదాపు ఒకే వోల్టేజీలో నిలబెడుతుంది. ఎల్‌ఎం358 సొంత గెయిన్ (ఎన్ని రెట్లు పెంచుతుందన్న అంకె) సుమారు లక్ష కాబట్టి, ఔట్‌పుట్‌లో 3.5 వోల్టులు రప్పించడానికి ఇన్‌పుట్‌ల మధ్య 35 మైక్రోవోల్టుల తేడా సరిపోతుంది. ఇది మామూలు మీటరు పట్టుకోలేనంత చిన్నది.

ఆ థర్మామీటరులో నేను కొలిచినప్పుడు పిన్ 3 దగ్గర, అంటే సెన్సరు నుంచి వచ్చే ప్లస్ ఇన్‌పుట్ దగ్గర, 0.421 వోల్టులు ఉన్నాయి. పిన్ 1 దగ్గర, అంటే ఔట్‌పుట్ దగ్గర, 3.56 వోల్టులు. పిన్ 2 దగ్గర, అంటే ఫీడ్‌బ్యాక్ వచ్చే మైనస్ ఇన్‌పుట్ దగ్గర, 0.356 వోల్టులు. రెండు ఇన్‌పుట్‌ల మధ్య తేడా 65 మిల్లీవోల్టులు. కావలసిన తేడా కంటే ఇది వెయ్యి రెట్లకు పైబడి ఉంది, అయినా ఔట్‌పుట్ పైకి కదలడం లేదంటే కదిలే చోటు లేదని అర్థం. ఈ స్థితినే శాచురేషన్ లేదా సంతృప్త స్థితి అంటాము. సెన్సరు 42.1 డిగ్రీలని సరిగ్గానే చెబుతోందని కూడా ఇదే కొలతతో తేలిపోయింది.

ఆఫ్‌సెట్ అనే సహజ దోషం వల్ల ఎల్‌ఎం358లో ఆ తేడా మామూలుగా 2 మిల్లీవోల్టులు, కొన్ని చిప్పుల్లో 7 మిల్లీవోల్టుల దాకా ఉండవచ్చు. కనుక 10 మిల్లీవోల్టులు దాటితే ఔట్‌పుట్ ఫీడ్‌బ్యాక్ అదుపులో లేదని తీర్మానించుకోవచ్చు. కొలిచేటప్పుడు మీటరు నల్ల తీగను గ్రౌండుకు పెట్టి రెండు పిన్నులనూ విడివిడిగా చదవడం మేలు, ఎందుకంటే ఏ పిన్ను ఎక్కువలో ఉందో తెలిస్తే ఔట్‌పుట్ పై అంచుకు గుద్దుకుందో కింది అంచుకు గుద్దుకుందో వెంటనే తెలుస్తుంది. ప్లస్ ఎక్కువైతే పై అంచు, మైనస్ ఎక్కువైతే కింది అంచు.

రెండో అడుగు: డేటాషీటులో సరైన వరుసను, దాని షరతులతో సహా చదవడం

డేటాషీటు, అంటే చిప్పు తయారీదారు ఇచ్చే వివరాల పత్రం, మొదటి పుటలో ఉండే సప్లయి పరిధి ఔట్‌పుట్ పరిధి కాదు. లోపలి పట్టికలో ఔట్‌పుట్ వోల్టేజ్ స్వింగ్ అనే వరుసను వెతకాలి. ఆ వరుస పక్కన ఎంత సప్లయి, ఎంత లోడు (ఔట్‌పుట్‌కు కట్టిన రెసిస్టరు) అన్న షరతులు ఉంటాయి. వాటిని వదిలేసి అంకెను మాత్రమే తీసుకుంటే ఆ అంకెకు విలువ లేదు.

1968లో ఫెయిర్‌చైల్డ్ సంస్థలో డేవ్ ఫుల్లగర్ రూపొందించిన 741ను ఉదాహరణగా తీసుకుందాం, ఎందుకంటే మన కళాశాలల ప్రయోగశాలల్లో ఇప్పటికీ విద్యార్థి చేతికి వచ్చే మొదటి ఆప్-ఆంప్ అదే. ప్లస్, మైనస్ 15 వోల్టుల సప్లయి మీద 10 కిలో ఓంల లోడుకు అది మామూలుగా రెండు వైపులా 14 వోల్టుల దాకా వెళుతుంది, కానీ హామీ ఇచ్చే కనిష్ఠం 12 మాత్రమే. లోడు 2 కిలో ఓంలకు దిగితే మామూలు విలువ 13, కనిష్ఠం 10. డిజైన్ చేసేటప్పుడు కనిష్ఠాన్నే పట్టుకోవాలి. మీ చేతిలో ఉన్న చిప్పు 14 ఇచ్చిందని 14కే లెక్క కడితే, రేపు అది కాలిపోయి మరొకటి కొన్న రోజున పరికరం పాడైనట్టు కనిపిస్తుంది.

ఎల్‌ఎం358కు పై హద్దు సప్లయి కంటే 1.5 వోల్టులు తక్కువ. కింది హద్దు, 10 కిలో ఓంల లోడు గ్రౌండుకు కట్టినప్పుడు, 20 మిల్లీవోల్టులకు మించదు. ఈ కింది హద్దు అంకెలో ఒక మెలిక ఉంది. అది లోడు గ్రౌండు వైపు ఉన్నప్పుడే చెల్లుతుంది. దీని సంగతి తరువాతి అడుగులోనూ, తరాజు ఉదాహరణలోనూ వివరంగా వస్తుంది.

మూడో అడుగు: ఆ హద్దు లోపల ఎందుకు ఏర్పడిందో అర్థం చేసుకోవడం

దీన్ని దాటవేయవద్దని నా మనవి, ఎందుకంటే కారణం తెలిసినవాళ్లకు కొత్త చిప్పు డేటాషీటు చదవగానే ఏ హద్దు ఎక్కడ ఉంటుందో తోస్తుంది.

ఎల్‌ఎం358లో ఔట్‌పుట్‌ను పైకి లాగేవి డార్లింగ్‌టన్ పద్ధతిలో ఒకదానికొకటి కలిసిన రెండు ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టర్లు. ఒక్కో ట్రాన్సిస్టరు బేస్ నుంచి ఎమిటర్ వరకు 0.6 వోల్టుల పైచిలుకు పడిపోతుంది. రెండింటికీ కలిపి 1.2 నుంచి 1.3 వోల్టులు. ఆ బేస్‌కు కరెంటు అందించే కరెంటు సోర్సు పనిచేయడానికి మరికొంత కావాలి. ఇవన్నీ కలిపితే 1.5 వోల్టులు అవుతాయి. ఇది శాతం లెక్క కాదు, స్థిరమైన కోత. 5 వోల్టుల సప్లయిలో ఈ కోత మూడో వంతుకు దగ్గరగా ఉంటుంది. 30 వోల్టుల సప్లయిలో దాన్ని ఎవరూ పట్టించుకోరు. బ్యాటరీ మీద నడిచే పరికరాలలో ఈ సమస్య ఎక్కువగా ఎదురుకావడానికి కారణం ఇదే.

కిందికి లాగేది ఒక పీఎన్‌పీ ట్రాన్సిస్టరు. దాని ఎమిటర్ ఔట్‌పుట్‌కు కలిసి ఉంటుంది కాబట్టి, ఔట్‌పుట్ 0.6 వోల్టుల కిందికి దిగాక అది పట్టు కోల్పోతుంది. అక్కడి నుంచి సున్నా దాకా లాగడానికి మిగిలేది సుమారు 50 మైక్రోఆంపియర్ల చిన్న కరెంటు సోర్సు ఒక్కటే. లోడు గ్రౌండు వైపు ఉంటే ఆ పని లోడే చేసిపెడుతుంది, ఔట్‌పుట్ హాయిగా సున్నాకు చేరుతుంది. లోడు ప్లస్ సప్లయి వైపు ఉంటే మాత్రం ఔట్‌పుట్ 0.6, 0.7 వోల్టుల దగ్గరే వేలాడుతుంది.

రైల్-టు-రైల్ రకాలు, అంటే ఔట్‌పుట్ సప్లయి అంచుల దగ్గరిదాకా వెళ్లేలా చేసినవి, వేరే ఏర్పాటుతో పనిచేస్తాయి. ఎంసీపీ6002 వంటి సీమాస్ చిప్పుల్లో ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు సప్లయికీ ఔట్‌పుట్‌కూ మధ్య చిన్న రెసిస్టర్లలా ప్రవర్తిస్తాయి. అందువల్ల కోత స్థిరంగా ఉండక, లోడు లాగే కరెంటును బట్టి పెరుగుతుంది. 10 కిలో ఓంల లోడుకు అది సప్లయి అంచుకు 25 మిల్లీవోల్టుల దూరం దాకా వెళ్లగలదు. పేరులో రైల్-టు-రైల్ అని ఉన్నంత మాత్రాన అంచును తాకుతుందని అనుకోకూడదు, బరువైన లోడు కడితే కోత పెద్దదవుతుంది.

నాలుగో అడుగు: మీ చేతిలో ఉన్న చిప్పు హద్దును మీరే కొలవడం

ఎల్‌ఎం358 పిన్ 8ను 5 వోల్టులకు, పిన్ 4ను గ్రౌండుకు కలపండి. పిన్ 2 నుంచి గ్రౌండుకు 1 కిలో ఓం పెట్టండి. పిన్ 1 నుంచి పిన్ 2కు 9 కిలో ఓంలు కావాలి. బజారులో 9 కిలో ఓంల రెసిస్టరు అడిగితే సులువుగా దొరకదు, కనుక రెండు 18 కిలో ఓంల రెసిస్టర్లను పక్కపక్కన సమాంతరంగా పెట్టండి. ఇప్పుడు గెయిన్ సరిగ్గా పది. పొటెన్షియోమీటరు ఒక కొసను గ్రౌండుకు, రెండో కొసను 39 కిలో ఓంల రెసిస్టరు ద్వారా 5 వోల్టులకు, నడిమి కాలును పిన్ 3కు కలపండి. ఇప్పుడు తిప్పుతుంటే పిన్ 3 దగ్గర సున్నా నుంచి ఒక వోల్టు దాకా వస్తుంది.

0.05 వోల్టుల చొప్పున పెంచుకుంటూ, ప్రతిసారీ పిన్ 3, పిన్ 1, పిన్ 2 విలువలను కాగితం మీద రాయండి. 0.30 దగ్గర ఔట్‌పుట్ 3.0 ఉంటుంది. 0.35 దాటాక ఔట్‌పుట్ తడబడి, మీ చిప్పును బట్టి 3.5కూ 3.8కూ మధ్య ఎక్కడో ఆగుతుంది. ఆ తరువాత పిన్ 3 పెరుగుతున్నా పిన్ 2 కదలదు. ఈ పట్టికను ఒక్కసారి తమ చేత్తో రాసినవాళ్లు శాచురేషన్‌ను మళ్లీ మరిచిపోవడం నేను చూడలేదు.

అక్కడే ఉంచి పిన్ 1 నుంచి గ్రౌండుకు 10 కిలో ఓంలు, 1 కిలో ఓం, 330 ఓంలు వరుసగా పెట్టి, పై హద్దు ఎంత కిందికి జారుతుందో నమోదు చేయండి. తరువాత లోడు తీసేసి, పిన్ 3ను నేరుగా గ్రౌండుకు కలపండి. ఔట్‌పుట్ కొన్ని మిల్లీవోల్టులకు దిగాలి. మీ చిప్పు ఆఫ్‌సెట్ ప్లస్ వైపు ఉంటే అది పది రెట్లయి 20, 30 మిల్లీవోల్టులు కనిపించినా కంగారుపడవద్దు. ఇప్పుడు పిన్ 1 నుంచి 5 వోల్టులకు 10 కిలో ఓంల రెసిస్టరు కలపండి. ఔట్‌పుట్ అమాంతం 0.6 వోల్టుల దగ్గరికి లేస్తుంది. ఆ రెసిస్టరు తెచ్చే 0.4 మిల్లీఆంపియర్లను మింగే శక్తి ఆ 50 మైక్రోఆంపియర్ల సోర్సుకు లేదు.

ఐదో అడుగు: గెయిన్ కంటే ముందు చోటును లెక్కకట్టడం

కాగితం మీద ముందుగా రెండు గీతలు గీయండి. పై గీత దగ్గర ఔట్‌పుట్ గరిష్ఠం, కింది గీత దగ్గర కనిష్ఠం రాయండి. తరువాత మీ సెన్సరు జీవితంలో ఎప్పుడైనా ఇవ్వగల అతి పెద్ద విలువను, అతి చిన్న విలువను రాయండి. తిరుపతిలో బయట పెట్టే థర్మామీటరుకు 45 డిగ్రీలు పరిమితి అనుకుంటే పొరపాటు, ఎండ నేరుగా పడే డబ్బా లోపల అంతకంటే వేడెక్కుతుంది. 65 దాకా చోటు ఉంచాలి. సెన్సరు నుంచి 0.65 వోల్టులు, ఔట్‌పుట్‌కు ఉన్న చోటు 3.5 వోల్టులు, కనుక గెయిన్ 5.4కు మించకూడదు. 5 పెట్టుకుంటే డిగ్రీకి 50 మిల్లీవోల్టులు వస్తాయి, హద్దు 70 డిగ్రీలకు జరుగుతుంది. ఆర్డుయినో యూనోలోని 10 బిట్ల ఏడీసీలో (వోల్టేజీని అంకెగా మార్చే భాగంలో) ఒక్కో మెట్టు దాదాపు 4.9 మిల్లీవోల్టులు కాబట్టి, ఇంత తగ్గించినా డిగ్రీలో పదో వంతు వరకు తెలుస్తుంది. కోల్పోయింది ఏమీ లేదు.

గెయిన్ తగ్గించడం ఇష్టం లేకపోతే సప్లయిని పెంచవచ్చు. ఎల్‌ఎం358కు 12 వోల్టులు ఇస్తే పై హద్దు 10.5కు వెళుతుంది. అయితే ఏదైనా తీగ ఊడిన రోజున ఆ 10.5 వోల్టులు నేరుగా 5 వోల్టుల ఏడీసీ పిన్ను మీద పడతాయి. మధ్యలో 10 కిలో ఓంల రెసిస్టరు పెట్టడం తప్పనిసరి. అప్పుడు పిన్ను లోపలి రక్షణ డయోడు గుండా వెళ్లే కరెంటు అర మిల్లీఆంపియరుకు పరిమితమవుతుంది. 3.3 వోల్టులకే తట్టుకునే ఈఎస్‌పీ32 వంటి బోర్డులు వాడేవాళ్లు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి.

మూడో దారి చిప్పును మార్చడం. ఎంసీపీ6002 పిన్నుల అమరిక ఎల్‌ఎం358 లాంటిదే కాబట్టి అదే సాకెట్టులో కూర్చుంటుంది. దానికి 6 వోల్టులకు మించి సప్లయి ఇవ్వకూడదు. 9 వోల్టుల బ్యాటరీ మీద నడిచే సర్క్యూట్‌లో ఎల్‌ఎం358 తీసి దీన్ని గుచ్చితే అది మరుక్షణమే పోతుంది.

ఇంకొకటి కూడా నిజాయితీగా చెప్పాలి. ఆర్డుయినో యూనోలో 1.1 వోల్టుల అంతర్గత రిఫరెన్సు ఉంది. దాన్ని వాడితే ఏడీసీ మెట్టు సుమారు 1.1 మిల్లీవోల్టులు అవుతుంది, ఎల్‌ఎం35ను ఆప్-ఆంప్ లేకుండానే నేరుగా కలుపుకోవచ్చు. నేర్చుకోవడం కోసం కడుతున్నారా, పొలంలో పెట్టడం కోసం కడుతున్నారా అన్నది ముందే తేల్చుకోండి.

ఆరో అడుగు: లోపల దాగిన శాచురేషన్‌ను వెతకడం

ఇది అన్నిటికంటే కష్టమైన రకం, అందుకే దీని మీద ఎక్కువసేపు నిలబడతాను. చిత్తూరు వైపు తోతాపురి కాయలు కోతకు వచ్చే రోజుల్లో క్రేట్లు తూచడానికి ఒక ఎలక్ట్రానిక్ తరాజు కట్టాలనుకున్నామని అనుకుందాం. 100 కిలోల లోడ్ సెల్ (బరువును వోల్టేజీగా మార్చే సెన్సరు), సున్నితత్వం వోల్టుకు 2 మిల్లీవోల్టులు. 5 వోల్టులు ఇస్తే పూర్తి బరువుకు 10 మిల్లీవోల్టులు వస్తాయి. రెండు తీగల మధ్య తేడాను పెంచే మూడు ఆప్-ఆంప్‌ల ఇన్‌స్ట్రుమెంటేషన్ ఆంప్లిఫయరును ఎల్‌ఎం358లతో 5 వోల్టుల మీద కట్టి, గెయిన్ మొత్తం మొదటి దశలోనే 500 పెట్టామనుకోండి. చివరి ఔట్‌పుట్ 3.5 వోల్టుల దాకా వెళుతుంది గదా, కనీసం 70 కిలోల వరకు తూగుతుందని లెక్క వేసుకుంటాము.

తరాజు 40 కిలోల దగ్గరే ఆగిపోతుంది. మీటరు పెట్టి చూస్తే చివరి ఔట్‌పుట్ 2.0 వోల్టులు, హద్దుకు చాలా దూరంలో ఉంది. శాచురేషన్ కాదని తీర్మానించి లోడ్ సెల్ మీద నింద వేయడం ఇక్కడే జరుగుతుంది.

జరిగినది ఇది. లోడ్ సెల్ లోపలి రెసిస్టర్ల బ్రిడ్జికి 5 వోల్టులు ఇచ్చినప్పుడు దాని రెండు ఔట్‌పుట్ తీగలూ గ్రౌండుతో పోలిస్తే 2.5 వోల్టుల దగ్గర ఉంటాయి. మొదటి దశలోని రెండు ఆప్-ఆంప్‌లలో ఒకటి ఆ 2.5 నుంచి పైకి, మరొకటి కిందికి సమానంగా కదులుతాయి. 40 కిలోలకు సిగ్నల్ 4 మిల్లీవోల్టులు, దాన్ని 500 రెట్లు చేస్తే 2 వోల్టులు, అందులో సగం పైకి, సగం కిందికి. అంటే పై ఆప్-ఆంప్ 3.5కు చేరింది. దానికి పైన ఇక చోటు లేదు. అది ఆగగానే, రెండింటినీ కలిపే రెసిస్టరు గుండా కరెంటు పెరగడం ఆగిపోతుంది, దానితో కింది ఆప్-ఆంప్ కూడా 1.5 దగ్గర దాదాపు నిలిచిపోతుంది. చివరి దశకు అందేది ఆ రెండింటి తేడా 2 వోల్టులే, అది దాన్ని నమ్మకంగా బయటికి పంపుతుంది. తప్పు చేసినది ముందు దశ, అంకె చూపించేది వెనక దశ.

కాబట్టి దశలు ఎన్ని ఉంటే అన్ని చోట్లా మొదటి అడుగులోని కొలత చేయాలి. సరిచేయడానికి గెయిన్‌ను పంచాలి. మొదటి దశలో 50, చివరి దశలో 7 పెడితే మొత్తం 350. పూర్తి బరువుకు మొదటి దశ ఔట్‌పుట్‌లు 2.75, 2.25 దగ్గర సురక్షితంగా ఉంటాయి, చివరి ఔట్‌పుట్ 3.5కు చేరుతుంది, కిలోకు 35 మిల్లీవోల్టులు వస్తాయి.

ఇక కింది అంచు. చివరి దశలో 1 కిలో ఓం, 7 కిలో ఓంల రెసిస్టర్లు వాడారనుకోండి. పళ్లెం ఖాళీగా ఉన్నప్పుడు చివరి ఔట్‌పుట్ సున్నా కావాలి, కానీ మొదటి దశ నుంచి 2.5 వోల్టులు ఆ 8 కిలో ఓంల గుండా ఔట్‌పుట్‌లోకి 0.3 మిల్లీఆంపియర్లను తోస్తున్నాయి. ఎల్‌ఎం358 అంత మింగలేదు కనుక 0.65 వోల్టుల దగ్గర తేలుతుంది. ఖాళీ పళ్లెం మీద 18 కిలోలు కనిపిస్తాయి, పైగా మొదటి 18 కిలోల బరువు వేసినా అంకె కదలదు. అదే నిష్పత్తిలో 10, 70 కిలో ఓంలు పెడితే కరెంటు 31 మైక్రోఆంపియర్లకు దిగుతుంది, మామూలు చిప్పు దాన్ని మింగగలదు. కానీ 0.2 వోల్టుల దగ్గర డేటాషీటు హామీ ఇచ్చే కనిష్ఠం 12 మైక్రోఆంపియర్లే కాబట్టి, నేనైతే 33, 231 కిలో ఓంల వరకు వెళతాను. 231ని 220, 11 కిలో ఓంలను వరుసగా కలిపి తెచ్చుకోవచ్చు.

ఎల్‌ఎం358 ఆఫ్‌సెట్ 2 మిల్లీవోల్టులంటే ఈ తరాజులో 20 కిలోలతో సమానం. అందువల్ల ఈ సర్క్యూట్ విషయం అర్థం చేసుకోవడానికే గానీ రైతు కాయలను తూచడానికి పనికిరాదు. నిజమైన తరాజుకు హెచ్‌ఎక్స్711 వంటి లోడ్ సెల్ చిప్పు వాడండి.

ఏడో అడుగు: మారే సిగ్నల్‌లో శిఖరాలను చూడడం

గంగమ్మ జాతర రోజుల్లో మైకు సెట్టు శబ్దాన్ని పెంచుతూ పోతే ఒక దశలో పాట పగిలినట్టు గరగరలాడుతుంది. అలల తలలు హద్దుకు తగిలి బల్లపరుపుగా తెగిపోవడమే ఆ శబ్దం. ఆప్-ఆంప్‌లోనూ అదే జరుగుతుంది, దాన్ని క్లిప్పింగ్ అంటారు.

9 వోల్టుల బ్యాటరీ మీద ఎల్‌ఎం358తో మైకు ప్రీఆంప్లిఫయరు కడితే పై హద్దు 7.5 వోల్టులు. కెపాసిటరు ద్వారా కట్టిన లోడుకు కిందికి కూడా కరెంటు మింగాలి కాబట్టి కింది హద్దును 0.7 అనుకోవాలి. చాలామంది అలవాటుగా సప్లయిలో సగం, 4.5 వోల్టుల దగ్గర బయాస్ (సిగ్నల్ లేనప్పుడు ఔట్‌పుట్ నిలబడే వోల్టేజీ) పెడతారు. అప్పుడు పైకి 3 వోల్టులే చోటు మిగులుతుంది. బయాస్‌ను ఔట్‌పుట్ పరిధి నడిమికి, అంటే 4.1 దగ్గరికి తెస్తే రెండు వైపులా 3.4 దొరుకుతుంది. పైన 100, కింద 82 కిలో ఓంల రెసిస్టర్లు పెడితే దాదాపు ఆ విలువ వస్తుంది. మల్టీమీటరు ఏసీలో చూపేది శిఖరం కాదు, ఒక రకమైన సగటు అయిన ఆర్‌ఎంఎస్ విలువ అని మరవకండి. మీటరు 2.4 వోల్టులు చూపుతోందంటే శిఖరం 3.4, అంటే మీరు అంచు మీదే ఉన్నారు.

అల తల బల్లపరుపుగా కాక, సైను ఆకారం పోయి త్రికోణంలా మారుతుంటే అది వేరే రోగం, స్లూ రేటు, అంటే ఔట్‌పుట్ కదలగల వేగానికి ఉన్న హద్దు. 741 మైక్రోసెకనుకు అర వోల్టు మాత్రమే కదలగలదు, కనుక 10 వోల్టుల శిఖరాన్ని సుమారు 8 కిలోహెర్ట్జ్‌లు దాటితే అందుకోలేదు. సప్లయి పెంచితే క్లిప్పింగ్ తగ్గుతుంది, స్లూ రేటు సమస్య తగ్గదు.

సిగ్నల్ లేకుండానే శాచురేషన్ రావడం కూడా సాధారణమే. డీసీ గెయిన్ 1000 పెట్టి 7 మిల్లీవోల్టుల ఆఫ్‌సెట్ ఉన్న చిప్పు తగిలితే ఔట్‌పుట్ 7 వోల్టులు కోరుతుంది. ఇన్‌పుట్‌ను కాలంతోపాటు కూడబెట్టే ఇంటిగ్రేటరు సర్క్యూట్‌లో ఇది మరీ స్పష్టం. 10 కిలో ఓంలు, 0.1 మైక్రోఫారాడు పెట్టిన ఇంటిగ్రేటరు ఒక్క మిల్లీవోల్టు ఆఫ్‌సెట్‌కే సెకనుకు ఒక వోల్టు చొప్పున జరుగుతూ, 15 వోల్టుల సప్లయి మీద పావు నిమిషం లోపే అంచుకు చేరి అక్కడే ఉండిపోతుంది. కెపాసిటరుకు సమాంతరంగా ఒక మెగా ఓం పెడితే ఆ జరుగుడు 0.1 వోల్టు దగ్గర ఆగుతుంది.

ఎనిమిదో అడుగు: శాచురేషన్ తప్పనప్పుడు తీసుకునే జాగ్రత్తలు

హద్దును తాకిన ఆప్-ఆంప్ సిగ్నల్ తగ్గగానే తిరిగి రాదు. లోపలి కెపాసిటరు సర్దుకోవడానికి కొంత సమయం పడుతుంది. వేగంగా నడిచే సర్క్యూట్‌లలో దాన్ని అంచు దాకా వెళ్లనీయకుండా ముందే ఆపడం మంచిది. ఇన్వర్టింగ్ ఆంప్లిఫయరులో ఫీడ్‌బ్యాక్ రెసిస్టరుకు సమాంతరంగా రెండు 5.1 వోల్టుల జీనర్ డయోడ్లను ఎదురెదురుగా పెడితే ఔట్‌పుట్ రెండు వైపులా 5.8 దగ్గర ఆగుతుంది. పోలిక మాత్రమే కావాలంటే ఎల్‌ఎం393 వంటి కంపారేటరును వాడండి, అది ఏదో ఒక అంచు దగ్గర ఉండడానికే పుట్టింది.

టీఎల్072 వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. దాని ఇన్‌పుట్ మైనస్ సప్లయికి మరీ దగ్గరగా వెళితే ఔట్‌పుట్ కింది అంచు నుంచి హఠాత్తుగా పై అంచుకు దూకవచ్చు. ఫీడ్‌బ్యాక్ తలకిందులై, మోటారును అదుపు చేసే సర్క్యూట్‌లలో ఇది ప్రమాదకరం. ఇన్‌పుట్ పరిధిని కూడా ఔట్‌పుట్ పరిధితోపాటే లెక్కలో రాసుకోండి.

చివరగా థర్మామీటరులో మిగిలిపోయిన రెండో సగం. ఎల్‌ఎం358లో రెండు ఆప్-ఆంప్‌లు ఉన్నాయి, మనం వాడింది ఒకటి. రెండోదాన్ని గాలికి వదిలేయకుండా పిన్ 6ను పిన్ 7కు కలిపి, పిన్ 5ను పిన్ 3కే కలపండి, పిన్ 7 నుంచి గ్రౌండుకు 10 కిలో ఓంలు పెట్టండి. ఇప్పుడు పిన్ 7 దగ్గర సెన్సరు వోల్టేజీ పెంచకుండా అలాగే వస్తుంది. 100 డిగ్రీలకు కూడా అది ఒక్క వోల్టే కాబట్టి ఎన్నడూ అంచును తాకదు. పిన్ 1ను ఒక ఏడీసీ చానెలుకు, పిన్ 7ను మరొకదానికి ఇచ్చి, మొదటిది రెండోదానికి మీరు పెట్టిన గెయిన్ రెట్లు ఉందో లేదో ప్రోగ్రాములో ప్రతిసారీ పోల్చండి. ఆఫ్‌సెట్ కోసం రెండు మూడు డిగ్రీల వెసులుబాటు ఇవ్వండి. ఆ నిష్పత్తి అంతకు మించి తగ్గిన క్షణాన తెర మీద ఉష్ణోగ్రతకు బదులు మూడు గీతలు చూపించమని రాయండి.